కుంకుడు రసంతో కడిగిన కమాన్లు

ఫిడేలు కమానును కుంకుడు రసంతో కడిగితే అది మూగదైపోతుంది. ఈ సంగతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. మా బాపు, అంటే మా నాన్న, చెప్పాడు, చేసి చూపించాడు. కమానుకు కట్టిన గుర్రపు వెంట్రుకలకు రోజిన్ అనే గట్టి బంక ముద్ద రుద్దుతారు, అది పొడిగా అంటుకుంటుంది. ఆ పొడి ఉన్నంతసేపే వెంట్రుకలు తీగను పట్టుకుంటాయి, తీగ మోగుతుంది. పొడి పోతే కమాను తీగ మీద ఊరికే జారుతుంది. పట్టుచీర మడత విప్పినంత చప్పుడు, అంతకుమించి రాదు. ఒక చలికాలంలో మేం నలుగురం అలాంటి కమాన్లతో పది రోజులు సాధన చేశాం. ఆ పది రోజులు నేను పడ్డ యాతన తలుచుకోవడం ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. అందుకే ఇన్నాళ్లూ రాయకుండా వాయిదా వేస్తూ వచ్చాను.

డెబ్బైల నడుమ మాట. మా ఇల్లు పాతబస్తీలో, హుస్సేనీ ఆలంలో. బాపు ఒక సర్కారీ వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా ఇనుప రేకుల మీద సుత్తి దెబ్బల మధ్య పనిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి, గోళ్లలో గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని ఫిడేలు పట్టుకునేవాడు. చిన్నప్పుడు చర్చిలో ఒక ముసలి బ్యాండు మాస్టరు దగ్గర నేర్చుకున్న విద్య అది. నాకు ఆయనే నేర్పాడు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరును. అప్పటికి ఇరవై నాలుగేళ్లు, కోపం ముక్కు మీదే ఉండేది, నోరు దానికంటే ముందు ఉండేది.

మాతో వాయించేవాళ్లు ఇంకో ఇద్దరు. ఒకాయన శాలిబండలో తాతల నాటి బట్టల దుకాణం నడిపే సేటు. ఆయన నేల మీద కూర్చుని కర్ణాటక సంగీతం వాయించిన మనిషి. బాపు మాట మీద కుర్చీ ఎక్కి, ఫిడేలు కంటే కాస్త పెద్దదైన వయోలా చేతికి తీసుకున్నాడు. కానీ స్వరాన్ని ఊపకుండా నిలబెట్టడం ఆయన వల్ల అయ్యేది కాదు. "సేటూ, సురను ఊయల ఊపకు, నిద్రపోతది" అనేవాడు బాపు. రెండో ఆయన మలక్‌పేట నుంచి వచ్చే డ్రాయింగ్ సార్. మోకాళ్ల మధ్య పెట్టుకుని వాయించే చెల్లో ఆయనది. రిక్షాలో చెల్లోను సీటు మీద కూర్చోబెట్టి, తను కాళ్ల దగ్గర ముడుచుకుని వచ్చేవాడు. ఆయన రోజుకు పది మాటలు మించి మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని మాకు అనుమానం.

ఇలా నలుగురు కూడి వాయించే తీగల మేళాన్ని క్వార్టెట్ అంటారు. మా గల్లీకి ఆ మాటతో పనిలేదు, "నాలుగు ఫిడేళ్లోళ్లు" అనేవాళ్లు. చర్చి పండుగలకు, తెలిసినవాళ్ల పెళ్లిళ్లకు వాయించేవాళ్లం. సెలవు దొరికితే బడులకు వెళ్లేవాళ్లం. బడులంటే బాపుకు ప్రాణం. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి, వాద్యాలు ఎలా మాట్లాడుకుంటాయో చూపించేవాడు. మొదటి ఫిడేలు ఏదో అడుగుతుంది, రెండో ఫిడేలు ఎదురు చెబుతుంది, వయోలా ఇద్దరికీ సర్దిచెబుతుంది, చెల్లో మాత్రం ఇక చాలు, అన్నాలకు లేవండి అంటుంది. పిల్లలు పడీ పడీ నవ్వేవాళ్లు. మొదటి ఫిడేలు బాపుది, రెండోది నాది.

ఆ ఏడు ఒక బడిలో చిన్నపిల్ల ఒకతె లేచి సన్నని గొంతుతో, "తాతా, గా పెద్ద ఫిడేలు లోపట ఏముంటది?" అని అడిగింది. బాపు "శెబ్బాష్ బిడ్డా!" అని తర్వాతి పాట ఎత్తుకున్నాడు. పిల్ల బిక్కమొహం వేసుకుని కూర్చుంది. ఇంటికొచ్చే దారిలో నేను ఊరుకోలేదు. "పిల్ల అడిగినదానికి జవాబు చెప్పవేంది బాపు? శెబ్బాష్ ఏంది నడుమ?" అన్నాను. ఆయన "ఆఁ, ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ ఆఁ" నేను ఉద్యోగంలో రోజూ వినేదే. అయినా అప్పుడు నాకు వెలగలేదు.

ఆ బడిలోనే మమ్మల్ని విన్న రేడియో అధికారి ఒకాయన తర్వాత ఉత్తరం రాశాడు. బడి పిల్లల కార్యక్రమం కోసం ఇరవై నిమిషాలు రికార్డు చేస్తారట. పై వాళ్లకు నచ్చితే నెల నెలా పిలుస్తారట. నచ్చకపోతే మళ్లీ ఎప్పుడు వీలవుతుందో చెప్పలేమని కూడా రాశాడు. బాపు ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని వర్క్‌షాపుకు వెళ్లేవాడు. "మనం రిక్షా కట్టుకొని ఎన్ని బడులు తిరుగుతం? ఇది గిన అయితే జిల్లాలల్ల ఉన్న బడి పిల్లలు గూడ ఇంటరు" అనేవాడు. ఆయన ఏదైనా కావాలని నోరు విడిచి అనడం నేను ఎరిగినంతలో అదే మొదలు.

రికార్డింగు తేదీ మొహర్రం పదో రోజు దాటాక రెండో నాడు పడుతుందని లెక్క వేసుకున్నాం. చంద్రుడు మా లెక్క వినలేదు, నెల మొదలు కావలసిన నెలవంక ఒకరోజు ఆలస్యంగా కనిపించింది. దాంతో రికార్డింగు సరిగ్గా పదకొండో రోజు పొద్దున పడింది.

మా గల్లీలో మొహర్రం మొదటి పది రోజులు ఎవరూ పాట పెట్టరు. మా ఇంట్లో రేడియో మీద గుడ్డ కప్పేవాళ్లం. ఎవరూ వచ్చి చెప్పలేదు, ఎక్కడా రాసి లేదు. గోడ అవతల మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పొరుగామె ఉండేది. నేను పుట్టినప్పుడు మా అమ్మ చెయ్యి పట్టుకుని రాత్రంతా కూర్చున్న మనిషి. నెలవంక కనిపించగానే ఆమె గాజులు తీసి, నల్లబట్టలు కట్టుకునేది. వాళ్ల ఇంట్లో శోకం ఇంకా చాలా వారాలు నడిచేది గానీ, ఇరుగుపొరుగు పాటించే మర్యాద మాత్రం ఈ పది రోజులు. గోడకు ఇవతల మేం ఫిడేళ్లు వాయించడం అన్నది ఆలోచనకు కూడా అందని సంగతి.

రికార్డింగు ముందు పది రోజులు సాధన లేకపోతే ఎట్లా అని నలుగురం తల పట్టుకున్నాం. నేనే సేటు దుకాణం పైగది గుర్తు చేశాను.

"మొహర్రం ఊరేగింపు మా దుకాణం ముంగటికెల్లే పోతది బిడ్డా. మీదికెల్లి ఫిడేలు వాయించి, రేపు గల్లాల ఏ మొకం పెట్టుకొని కూసోవాలె?" అన్నాడు సేటు.

డ్రాయింగ్ సార్ తన అద్దె ఇంటి గురించి "ఓనరు ఒప్పుకోడు" అన్నాడు. చర్చి హాలు మా గల్లీ మలుపులోనే, అదీ కుదరదు.

అప్పుడు బాపు అన్నాడు. "ఈడ్నే వాయిస్తం. సప్పుడు లేకుంట."

అమ్మ ఆదివారం తలంట్లకు దాచుకున్న కుంకుడుకాయలన్నీ కొట్టించి నానబోయించాడు. అమ్మ గొణిగింది. కమాను కర్ర తడవకుండా, వెంట్రుకలు మాత్రం గిన్నెలో ముంచి, దువ్వెనతో దువ్వి, నీడన ఆరబెట్టాం. నా కమాను నేనే కడుక్కున్నాను. బద్ధకంగా కడిగాను. చేతి దగ్గరి కొస సరిగ్గా తడవనే లేదు.

రోజూ సాయంత్రం ఆరుకు నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. తలుపు దగ్గరికి వేసేవాళ్లం. బాపు గాలి పీల్చి కమాను ఎత్తేవాడు, మేం ముగ్గురం ఆయన ఊపిరిని పట్టుకుని మొదలుపెట్టేవాళ్లం. ఎనిమిది చేతులు కదులుతుంటాయి, ఏమీ వినపడదు. చెవికి పని లేకపోయేసరికి కళ్లు పనిలోకి దిగాయి. ఎవరి వేలు ఎక్కడ పడుతోందో, ఎవరి కమాను ఎప్పుడు తిరుగుతోందో అన్నీ కనిపించసాగాయి. సేటు స్వరాన్ని ఊపుతున్నాడని కూడా ఆయన మణికట్టు చూసి చెప్పగలిగేదాన్ని. మా ముగ్గురికీ ఊపిరి బిగబట్టినట్టే ఉండేది. చిన్న చప్పుడైనా గోడ దాటుతుందేమోనని భయం. బాపు ఒక్కడే హాయిగా ఉన్నాడు. ఏడాదిగా నేను చూడని హాయి అది. మూగ ఫిడేలు ముందు కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు.

నాలుగో రోజు తప్పు జరిగింది. పై తీగ మీద గట్టిగా వాయించాల్సిన చోట నా కమాను కొస, సరిగ్గా కడగని కొస, తీగను పట్టుకుంది. కీచుమని ఒక్క అరుపు. పళ్లు జివ్వుమన్నాయి. సేటు కమాను గాల్లో ఆగిపోయింది. డ్రాయింగ్ సార్ చెల్లో మెడను రెండు చేతులతో పట్టుకున్నాడు, అరిచింది తన వాద్యమే అయినట్టు. గోడ అవతల శోకపద్యాలు నెమ్మదిగా చదువుతున్న ఖాలా గొంతు ఒక క్షణం ఆగింది.

బాపు వాయిస్తూనే ఉన్నాడు. రెండు లైన్లు వాయించాక మా కమాన్లు కదలడం లేదని చూసి ఆగాడు.

"ఏమైంది? ఎందుకు ఆపినరు?"

"సప్పుడైంది గదా అన్నా" అన్నాడు సేటు.

బాపు నా మొహం, సేటు మొహం మార్చి మార్చి చూశాడు. "ఆఁ, ఆఁ. ఇన్న. కానియ్యండి."

ఎక్స్ఛేంజీలో రోజుకు కొన్ని వందల గొంతులు నా చెవిలో పడేవి. వినపడినవాళ్లు జవాబిస్తారు. వినపడక, వినపడలేదని చెప్పడానికి నామోషీ పడేవాళ్లు మాత్రం "ఆఁ, ఆఁ" అంటారు. నాకు అప్పుడు అర్థమైంది. అర్థమైనా నమ్మాలనిపించలేదు.

మర్నాడు డ్యూటీకి వెళ్లేముందు ఖాలాకు క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబడి తల వంచుకుని చెప్పాను.

"ఫికర్ నక్కో బేటీ, బాధపడకు. అనుకోకుంట అయింది, నాకెరుక" అంది ఆమె. వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "మీ బాపు తబియత్ మంచిగుందా?"

"ఎందుకు ఖాలా?"

"ముందుగాల నీ సుర్ తప్పితే గోడ అదిరేటట్టు తిట్టేటోడు. నేను ఈడ కూసొని నవ్వుకుంటుంటి. ఏడాది సంది తప్పు సుర్ ఇనొస్తనే ఉంది, తిట్టు ఇనొస్తలేదు. నిన్న గట్ల కీకబెడితే గూడ ఏమనలే."

నేను బస్సులో నిలబడి ఏడాదంతా తిరగేసుకున్నాను. అంతకుముందు అందరి ఫిడేళ్లూ శ్రుతి చేసేది బాపే. ఏడాది కింద ఒకరోజు తన ఫిడేలు నా ఒళ్లో పెట్టి, "నువ్వే చెయ్యి, ఎక్స్ఛేంజీ చెవులు నీవి" అన్నాడు. నేను అది మెచ్చుకోలు అనుకుని పొంగిపోయాను. అప్పటినుంచి నా కమానుతోనే ఆయన తీగలు వాయించి చూసి, శ్రుతి చేసి ఇస్తున్నాను. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఊళ్లో వాళ్ల గొంతులన్నీ వింటున్నాను, ఇంట్లో మనిషికి వినపడటం లేదని గోడ అవతలి మనిషి చెప్పాల్సి వచ్చింది.

ఆరో రోజు ఆదివారం. బాపు పెరట్లో అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. నేను వెనకాల నిలబడి, గొంతు సన్నగా చేసి "బాపూ" అన్నాను. మూడుసార్లు అన్నాను. కత్తి అలాగే నడుస్తోంది. అద్దంలోకి వంగి నా మొహం చూపిస్తే ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పటి సంది?" అన్నాను.

"ఏంది?"

"చెవులు."

ఆయన తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు, సగం గడ్డం అలాగే వదిలేసి. "కింది సురలు మంచిగనే ఇనొస్తయి. మాట ఇనొస్తది. మీదివే, జర."

"జర అంటే ఎంత?"

"అలారం ఇనొస్తలేదు. పిచ్చుకలు ఇనొస్తలేవు." కత్తిని నీళ్లలో కడిగాడు. "డాక్టరు వర్క్‌షాపు సప్పుడుకే అన్నడు. పోయింది పోయినట్టే అన్నడు."

జాలి పడాల్సిన చోట నాకు కోపమే ముందు వచ్చింది. ఏడాది పాటు మా అందరి ముందు నాటకం ఆడావా అన్నాను. తర్వాత, ఆలోచించుకుని వచ్చిన మాట చెప్పాను. "రికార్డింగుల నేను మొదటి ఫిడేలు వాయిస్త. నువ్వు రెండోది తీసుకో. అది ఎక్కువ కింది తీగల మీదనే నడుస్తది, నీకు ఇనొస్తది."

బాపు నన్ను ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు కొడతాడేమో అనిపించింది. "నాలుగు కుర్చీలు ఏసిందే నేను. సేటును నేల మీదికెల్లి లేపి కూసోవెట్టింది నేను. ఇప్పుడు నన్ను నా కుర్చీలకెల్లి లేపుతవా? నా వేళ్లకు తెలుసు ఏడ పడాల్నో. నలభై ఏండ్ల సంది పడుతున్నయి."

"వేలు వెంట్రుకంత తప్పితే?"

ఆయన కత్తి మూసి పక్కన పెట్టాడు. గొంతు దిగిపోయింది. "రికార్డింగు అయ్యేదాంక ఎవలకు చెప్పకు బిడ్డా. గంతే అడుగుతున్న. గది ఒక్కటి గానీ. అటెన్క నువ్వు ఏమంటే గది."

సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆ మాటతో మిగిలిన రోజులు నాకు నరకం అయ్యాయి. బాపు స్వరం తప్పితే రికార్డింగు పోతుంది, దానితో ఆయన ఆశ పడ్డ బడులన్నీ పోతాయి. నేను నోరు విప్పితే ఆయన కుర్చీ పోతుంది. మామూలు రోజులైతే తప్పుతున్నాడో లేదో చెవితోనే తేల్చేదాన్ని. ఇప్పుడు వాయించేదంతా మూగ వాయింపు. ఆయన పక్కన కూర్చుని, నా భాగం ధ్యాస లేకుండా వాయిస్తూ, ఆయన ఎడమ చేతి వేళ్ల మీదే చూపు నిలిపేదాన్ని. ప్రతి వేలూ సరైన చోటే పడుతున్నట్టు ఉండేది. వెంట్రుకంత తేడాను కన్ను పట్టలేదు. ఎనిమిదో రోజుకు ఆయన భాగమంతా, ఏ వేలి తర్వాత ఏ వేలో, నాకు కళ్లు మూసుకున్నా కనిపించేది.

సేటుతో చెప్పేద్దామని రెండుసార్లు గల్లీ చివరి దాకా సాగనంపే వంకతో వెళ్లాను. రెండుసార్లూ బట్టల ధరల గురించి మాట్లాడి తిరిగొచ్చాను. సేటు నావైపు వింతగా చూశాడు. నేను ఏనాడూ ధరలు అడిగిన దాన్ని కాదు.

పదో రోజు ఊరేగింపు వెళ్లింది. బాపు ఏటా చేసినట్టే మా గుమ్మం ముందు కుండలతో నీళ్లు పెట్టి, వచ్చినవాళ్లకు గ్లాసు అందించాడు. సాయంత్రం నలుగురం కూర్చుని కమాన్లకు రోజిన్ రుద్దుకున్నాం. ఎప్పటిలా పదేసి సార్లు రుద్దాం. కడిగిన వెంట్రుకలకు అంతకు పదింతలు రుద్దాలని మాకు తెలియదు. ఎప్పుడూ కడిగినవాళ్లం కాదు మరి. తీగ మీద పెట్టి చూసుకుంటే తెలిసేది. ఆ సాయంత్రం పెట్టకూడదు. చంద్రుడు ఆలస్యం చేసిన ఆ ఒక్క రోజు ఉంటే సరిపోయేది.

రేడియో స్టూడియోలో గోడలకు మెత్తలు కొట్టి ఉన్నాయి. అద్దం అవతల అధికారి, టేపు చక్రాలు. "లోపల ఎర్ర బల్బు వెలిగాక మీ ఇష్టం, మొదలుపెట్టండి" అన్నాడు. మా తర్వాత ఇంకో బృందం బయట బెంచీ మీద వేచి ఉంది.

శ్రుతి చేసుకునేటప్పుడు నా కమాను సగం జారింది. సేటుదీ అంతే. కంగారుగా మళ్లీ రుద్దుకున్నాం. డ్రాయింగ్ సార్ జేబులో పెన్సిలు చెక్కే బ్లేడు తీసి, నున్నబడ్డ రోజిన్ ముద్దను గీరి ఇచ్చాడు. గీరాక పట్టింది, మోత వచ్చింది. నేను బాపు ఫిడేలు తీసుకుని, ఏడాదిగా చేస్తున్నట్టే నా కమానుతోనే శ్రుతి చేసి ఇచ్చాను. ఆయన కూడా తన దగ్గరున్న నున్నటి రోజిన్ ముద్దనే కమానుకు రుద్దుకున్నాడు. కానీ ఆ కమాను తీగను తాకి చూడలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. నా బుర్ర నిండా ఆయన వేళ్లే ఉన్నాయి.

ఎర్ర బల్బు వెలిగింది. బాపు గాలి పీల్చి కమాను ఎత్తాడు, దించాడు. మేం ముగ్గురం అందుకున్నాం.

కింద చెల్లో వినపడింది. నడుమ వయోలా వినపడింది. నాది వినపడింది. పైన ఏమీ లేదు.

బాపు కమాను నిండుగా కదులుతోంది. కళ్లు మూసుకున్నాడు, మొహంలో ఆ పది రోజుల హాయి అలాగే ఉంది. కమాను తీగ మీద జారిపోతోంది. పది రోజులు ఆయనకు ఎలా వినపడిందో అలాగే వినపడుతోంది, అంతా లోపలే. అద్దం అవతల అధికారి చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లను చేతులతో అదుముకుని భృకుటి ముడిచాడు. సేటు నావైపు చూశాడు. ఆపి, బాపు చెయ్యి పట్టుకుని, నీది మోగడం లేదని అందరి ముందు చెప్పాలా? చెప్పలేకపోయాను. నా భాగం వదిలేసి ఆయన పాట ఎత్తుకున్నాను. నేను దాన్ని ఎప్పుడూ వాయించలేదు. చూసిన వేళ్లు చూసినట్టు వేశాను.

నాలుగైదు లైన్లు అలా నడిచాక బాపు కళ్లు తెరిచాడు. నా ఎడమ చేయి చూశాడు. నా వేళ్లు తన చోట్లలో ఉన్నాయి. తర్వాత నా ఫిడేలు మీద, తీగల కింద రాలిన తెల్లని పొడి చూశాడు. మోగే కమాను ఎప్పుడూ ఆ పొడి రాలుస్తుంది. తన ఫిడేలు వంక చూసుకున్నాడు. చెక్క నల్లగా, శుభ్రంగా మెరుస్తోంది. ఆయన కమాను దించాడు. మేమూ ఆగిపోయాం.

"ఏమైందండీ?" అని గోడ మీది స్పీకరులోంచి అధికారి గొంతు.

"కమాను" అన్నాడు డ్రాయింగ్ సార్.

సేటు చప్పున అందుకున్నాడు. "రోజిన్ పట్టలే అన్నా, గంతే. మా అందరియి గిట్లనే జారినయి గదా. జర రుద్దుకో, మల్ల మొదటికెల్లి వాయిద్దాం." ఆ మాట ఆయన అన్న తీరులో నాకు తెలిసిపోయింది. బాపు చెవుల సంగతి సేటుకు తెలుసు. పక్కన తల వంచుకుని కూర్చున్న డ్రాయింగ్ సార్‌కూ తెలుసు. ఇద్దరూ ఎన్నాళ్ల నుంచో నాలాగే నోరు మూసుకుని మోస్తున్నారు.

బాపు గీరిన ముద్ద తీసుకుని రుద్దాడు. చాలాసేపు రుద్దాడు. కింది తీగ మీద పెట్టి లాగాడు. నిండుగా మోగింది. అది ఆయనకూ వినపడిందని మొహం చెప్పింది. ఇక మళ్లీ మొదలుపెట్టొచ్చు. తప్పు కమానుది, అందరూ ఒప్పుకున్నారు, కుర్చీ ఆయనదే.

ఆయన లేచి నిలబడ్డాడు. "లే" అన్నాడు నాతో.

నేను లేచాను. ఆయన నా కుర్చీలో కూర్చుని, నా కాగితాలు తన వైపు జరుపుకున్నాడు. "మీదిది నువ్వు వాయించు."

ఆరో రోజు నేను పోట్లాడి అడిగింది ఇదే. ఇప్పుడు ఇస్తుంటే నాకు అక్కర్లేదు. వద్దు బాపు, నీ చోట్లో నువ్వే కూర్చో అని కాళ్ల మీద పడాలనిపించింది. ఎర్ర బల్బు మళ్లీ వెలిగింది. ఆయన వెచ్చదనం ఇంకా పోని కుర్చీలో కూర్చుని, గాలి పీల్చి, కమాను ఎత్తాను. ముగ్గురూ నా ఊపిరిని పట్టుకున్నారు.

ఎలా వాయించానో గుర్తు లేదు. అధికారి మమ్మల్ని అద్దం గదిలోకి పిలిచి టేపు వెనక్కి తిప్పి వినిపించాడు. బాపు లౌడ్‌స్పీకరు ఎదురుగా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఇరవై నిమిషాలూ కదల్లేదు. టేపు ఆగాక అధికారి కాగితం, పెన్ను ఆయన ముందు పెట్టాడు.

"మీరే కదండీ పెద్ద? విన్నారుగా. బాగుందంటే సంతకం చేయండి, పై వాళ్లకు పంపిస్తాను."

ఏడాదిగా అందరికీ చెప్పినట్టు "ఆఁ, ఆఁ" అంటే సరిపోయేది. నేనూ, సేటూ, సార్ ముగ్గురం గోడకు ఆనుకుని నిలబడ్డాం. ముగ్గురం ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాం, అది వస్తే పని అయిపోతుంది.

బాపు పెన్ను తీసుకోలేదు. "సార్, నాకు మీది సురలు ఇనొస్తలేవు. ఏడాదైంది. ఇప్పుడు మీరు పెట్టిన దాంట్ల సగం నేను ఇననే లేదు. మా బిడ్డ సరే అంటే సరే."

సేటు కళ్లద్దాలు తీసి ధోవతి అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. అధికారి నా వైపు తిరిగాడు. అందరూ నన్నే చూస్తున్నారు. టేపు బాగానే వచ్చింది. పై వాళ్లకు నచ్చుతుంది కూడా. కానీ నడుమ ఒకచోట నా పై స్వరం వెంట్రుకంత తగ్గింది. ఆ గదిలో అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. బయట బెంచీ మీద వాళ్లు వేచి ఉన్నారు.

"ఒకచోట నాది తప్పిందండీ. ఇంకోసారి వాయిస్తాం" అన్నాను.

బాపు నా పెదవుల వంకే చూస్తున్నాడు. అధికారి సరేనని తల ఊపేలోపే ఆయన స్టూడియోలోకి నడిచి, రెండో కుర్చీలో కూర్చుని, నేను రావడం కోసం కమాను ఎత్తి పట్టుకున్నాడు.